మన కాంప్లెక్సులో చార్జింగ్ స్టేషన్ పెడదామా?

(సంఘం స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో నా ప్రసంగానికి ‘విద్యుత్ వాహనాలు, దేశ భవిష్యత్తు’ అని పేరు వేశారు. దేశ భవిష్యత్తు సంగతి చెప్పగలిగినవాళ్ళు నిన్న సాయంత్రమే మాట్లాడారు. నేను బిల్డింగులకు కరెంటు పనులు డిజైను చేసే మనిషిని. షాపింగ్ కాంప్లెక్సులు, హోటళ్ళు, ఆఫీసులు, ఒకటి రెండు ఆసుపత్రులు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. అందుకని దేశాన్ని వదిలేసి, బస్టాండు పక్కనున్న మన సంఘం కాంప్లెక్సు గురించి మాట్లాడతాను. అందులో చార్జింగ్ స్టేషన్ పెట్టే ప్రతిపాదన ఒకటి కమిటీ ముందుంది. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో అది ఓటింగుకి వస్తుంది. దానిమీద నా అభిప్రాయం చెప్పమని అధ్యక్షుడే అడిగాడు. చెప్పాక నిన్న రాత్రి నాతో గొడవా పెట్టుకున్నాడు. ఎనిమిదో తరగతి నుంచి ఇద్దరం ఒకే బెంచీ కాబట్టి పరవాలేదు.

ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది చెప్పకుండా సలహా ఇస్తే న్యాయం కాదు.

హైదరాబాదులో నాలుగంతస్తుల కమర్షియల్ కాంప్లెక్సు ఒకటి. కింద బట్టల షాపులు, పైన ఒక డయాగ్నస్టిక్ సెంటరు, ఆపైన ఆఫీసులు. 2021 చివర్లో యజమాని నన్ను పిలిచి, పార్కింగులో కార్లకు చార్జర్లు పెట్టాలన్నాడు. ఆ బిల్డింగుకి హెచ్.టి. కనెక్షను. కరెంటాఫీసుతో ఒప్పుకున్న డిమాండు 250 కేవీఏ. ఇలాంటప్పుడు మేం మొదట చూసేది గత పన్నెండు నెలల బిల్లులు. ఏ నెలలో ఎంత గరిష్ఠ డిమాండు నమోదైందో బిల్లులోనే ఉంటుంది. అన్నిటికంటే పెద్ద అంకె 178. అంటే 72 కేవీఏ ఖాళీ. 30 కిలోవాట్ల డీసీ చార్జర్లు రెండు పెడితే, లోపల పోయే నష్టాలతో కలిపి 64 కేవీఏ దాకా లాగుతాయి. 178కి 64 కలిపితే 242. సరిపోయింది. కాగితం మీద సంతకం పెట్టాను.

నేను చూసిన పన్నెండు నెలలు ఏవో ఈపాటికి మీకు తట్టి ఉంటుంది. కరోనా నెలలు. సగం షాపులకు షట్టర్లు దించి ఉన్నాయి. ఆఫీసుల వాళ్ళు ఇళ్ళ నుంచే పనిచేస్తున్నారు. ఆ అంకె అబద్ధం కాదు, కానీ ఆ బిల్డింగు అసలు ఆకలి అది కాదు.

2022 ఏప్రిల్ చివర్లో ఒక శనివారం సాయంత్రం. పెళ్ళిళ్ళ సీజను, బట్టల షాపులు కిటకిటలాడుతున్నాయి. ఏసీలన్నీ నడుస్తున్నాయి. కింద రెండు చార్జర్లకీ కార్లు తగిలించి ఉన్నాయి. బిల్డింగు మొత్తం 310 కేవీఏ దాకా పోయింది. మెయిన్ బ్రేకరు 400 ఆంపియర్లది. ప్యానెల్ గదిలో ఆ వేడిలో గంటో గంటన్నరో ఓర్చుకుని పడిపోయింది. జనరేటరు దానంతటది మొదలైంది. ఇక్కడే నా రెండో తప్పు. ఖాళీగా ఒక ఫీడరు కనిపించింది కదా అని చార్జర్లను దానికి కలిపాను. ఆ ఫీడరు జనరేటరు వైపుది. కరెంటు వచ్చిందనుకుని డ్రైవర్లిద్దరూ మళ్ళీ కార్డు ఆనించారు. చిన్న జనరేటరు, లిఫ్టుల కోసం, మెట్ల లైట్ల కోసం పెట్టింది. అది డీజిల్ తాగి కార్లకు కరెంటు పోయడం మొదలుపెట్టి, కాసేపటికి చేతులెత్తేసింది. పరీక్షల కోసం వచ్చిన ఒక పెద్దావిడ, ఆమె మనవరాలు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరవై నిమిషాలు చీకట్లో ఉండిపోయారు. లిఫ్టుని పక్క అంతస్తుకి చేర్చాల్సిన బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. అది నా పని కాదు. కానీ ఆ రాత్రి ఆవిడ ఊపిరాడక పెట్టిన కేకలు విన్న వాచ్‌మన్ నాకు ఫోన్లో చెప్పినప్పుడు, అది నా పని కాదనే మాట నోట్లోంచి రాలేదు.

ఆవిడకి ఏమీ కాలేదు. యజమానికి ఆ నెల పెనాల్టీ బిల్లు వచ్చింది, సగం నేను కట్టాను.

తర్వాత చేసిన మరమ్మతు చాలా సులువైనది. చార్జర్ల ఫీడరుని జనరేటరు చేంజోవరుకి ముందు వైపుకి మార్చాం. మెయిన్ దగ్గర ఒక మీటరు పెట్టి, బిల్డింగు లోడు 235 దాటగానే చార్జర్లు తమ వేగం తామే తగ్గించుకునేట్టు చేశాం. చార్జరుకి బయటి నుంచి ఆజ్ఞలివ్వడానికి ఓసీపీపీ అనే పద్ధతి ఉంది. చార్జరు కొనేటప్పుడే అది ఉందో లేదో అడగాలి. ఇప్పుడక్కడ సాయంత్రం ఆరింటికి కారు పెట్టినవాడికి ముప్ఫై కిలోవాట్ల బదులు పన్నెండో, పదిహేనో వస్తాయి. షాపింగుకి రెండు గంటలు పడుతుంది కాబట్టి ఎవరూ అడగలేదు. డబ్బు పెట్టి ట్రాన్స్‌ఫార్మరు పెంచాల్సిన అవసరమూ రాలేదు.

ఇక్కడ ముందు వరసలో మా సైన్సు మాస్టారున్నారు. ఎనభై నాలుగేళ్ళు. మాస్టారూ, మీకు గుర్తుందో లేదో, 1985లో మా తొమ్మిదో తరగతిని హెడ్మాస్టారి గది బయట కరెంటు మీటరు ముందు నిలబెట్టారు. అప్పటి మీటర్లో అల్యూమినియం చక్రం తిరుగుతుండేది, దానిమీద ఒక నల్ల మచ్చ. మీటరు రేకు మీద యూనిట్‌కి 600 చుట్లు అని రాసి ఉంది. లోపల ఒక్క ఫ్యాను తప్ప అన్నీ ఆపించారు. నల్ల మచ్చ ఒక చుట్టు తిరిగి రావడానికి వంద సెకన్లు పట్టింది. ఆ వంద సెకన్ల నుంచి ఫ్యాను 60 వాట్లని మా చేత లెక్క కట్టించారు. పుస్తకంలో ఏముందో తర్వాత చూద్దాం, ముందు మీటరు చూడండి అన్నారు. ఆ కాంప్లెక్సులో వారం రోజులు లాగర్ పెట్టి కొలిచి ఉంటే, నేను కాగితం మీదున్న 178ని నమ్మేవాణ్ణి కాదు. షాపులు తెరుచుకున్న వారమైతే చాలు.

సరే, మన కాంప్లెక్సు సంగతి.

కింద పద్నాలుగు షాపులు, పైన కల్యాణ మండపం, ముందు ఖాళీ జాగా. ఆ అద్దెలతోనే ఈ ఏడు 63 మంది పిల్లలకి ఫీజులు, పుస్తకాలు ఇచ్చాం. ఒక సంస్థ మనకి రాసిన ఉత్తరం సారాంశం ఇది: ముందు జాగాలో 60 కిలోవాట్ల డీసీ చార్జర్లు రెండు పెడతారు. చార్జర్లు వాళ్ళవి. పదేళ్ళ ఒప్పందం. అమ్మిన ప్రతి యూనిట్‌కి మనకి ఒక రూపాయి. హెచ్.టి. కరెంటు తెచ్చి ఇవ్వడం మన బాధ్యత.

చూడ్డానికి బాగుంది. చట్టపరంగా చిక్కేమీ లేదు. చార్జింగ్ అంటే కరెంటు అమ్మకం కాదు, ఒక సేవ, దానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే తేల్చింది. ఎవరైనా పెట్టుకోవచ్చు. మన అధ్యక్షుడి వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ‘హైదరాబాదు, విజయవాడ మధ్య రోజూ అన్ని కార్లు పోతుంటే మనం కళ్ళు మూసుకు కూర్చుందామా? ఒరే, నువ్వు ఆ లిఫ్టు దగ్గరే ఆగిపోయావు’ అన్నాడు. ఆ మాట తగిలింది. అందుకే మళ్ళీ లెక్క వేశాను.

కమర్షియల్ జాగాలో చార్జింగ్ ప్లాను చేసేటప్పుడు ఎన్ని కిలోవాట్లు అన్నది రెండో ప్రశ్న. బండి అక్కడ ఎంతసేపు నిలబడుతుంది అన్నది మొదటిది. ఆఫీసు ముందు కారు ఎనిమిది గంటలుంటుంది. 3.3 కిలోవాట్ల చిన్న పాయింటు చాలు, ఎనిమిది గంటల్లో 26 యూనిట్లు ఎక్కుతాయి. మొదట్లో వచ్చిన నెక్సాన్ ఈవీ బ్యాటరీ మొత్తం 30.2 యూనిట్లే. సినిమా హాలు, షాపింగు మాలు అంటే రెండు మూడు గంటలు. 7.4 కిలోవాట్ల ఏసీ పాయింటు సరిపోతుంది. సింగిల్ ఫేజ్ 32 ఆంపియర్లు, అంతే. హైవే మీద హోటలంటే ముప్ఫై, నలభై నిమిషాలు. టిఫిను తిని, కాఫీ తాగి, పిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్ళొచ్చేసరికి నిండాలి. అక్కడ 60 కిలోవాట్లకి అర్థముంది.

సూర్యాపేట వైపు హైవే మీద ఒక హోటలుకి అలాంటివి పెట్టాను. బాగానే నడుస్తున్నాయి. హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. మధ్యలో ఒకసారి ఆగక తప్పని కార్లు చాలా ఉన్నాయి. అక్కడా నేర్చుకున్నవి ఉన్నాయి. కొన్ని కార్లకు చార్జింగ్ మూత ముందు ముక్కు దగ్గరుంటుంది, కొన్నింటికి వెనక పక్కన. మొదట గీసిన గడుల్లో వెనక మూత ఉన్న కారు రివర్సులో వస్తే తప్ప కేబులు అందేది కాదు. గడులు చెరిపి మళ్ళీ గీశాం. ఎనభై శాతం దాటాక బ్యాటరీ నెమ్మదిగా తీసుకుంటుంది. ఆ చివరి ఇరవై శాతం కోసం కూర్చున్నవాడి వెనక ఇంకో ఇద్దరు ఎదురుచూస్తుంటారు. సంక్రాంతికి ఊళ్ళకు వచ్చేవాళ్ళు, వెళ్ళేవాళ్ళతో ఆ నాలుగు రోజులూ తగాదాలే. సంక్రాంతి రద్దీకి సరిపడా ఎనిమిది చార్జర్లు పెట్టమన్నాడు యజమాని. మిగతా 361 రోజులు వాటికి బూజు దులపాలి, వద్దన్నాను.

మన కాంప్లెక్సు ఆ హోటలు కాదు. బైపాస్ పడ్డాక హైవే కారు మన బస్టాండు దాకా ఎందుకొస్తుంది? మూడు కిలోమీటర్లు లోపలికి వచ్చి, కూరగాయల బజారు సందులోంచి దూరి, మన ముందు జాగాలో నిలబడి నలభై నిమిషాలు ఏం చేస్తాడు? పెళ్ళికొచ్చినవాళ్ళు వాడతారు, నిజమే. అయితే ఏడాదిలో పెళ్ళిళ్ళ రోజులు ఎన్నో సెక్రటరీ గారి రిజిస్టర్లో ఉంది, చూసుకోండి.

డబ్బు లెక్క. ఒక్కో కారు 20 యూనిట్లు ఎక్కించుకుంటుందనుకుందాం. రోజుకి రెండు కార్లొస్తే మనకి 40 రూపాయలు, నెలకి 1,200. పది కార్లొస్తే నెలకి 6,000. హెచ్.టి. లైను, ట్రాన్స్‌ఫార్మరు, ప్యానెలు, ఎర్తింగు, తనిఖీ ఫీజులు అన్నీ కలిపి నేను వేయించిన ఎస్టిమేటు 11 లక్షల పైచిలుకు. రోజుకి పది కార్లు తప్పకుండా వచ్చినా అది తిరిగి రావడానికి పదిహేనేళ్ళు. ఒప్పందం పదేళ్ళది. 11 లక్షలు ఎక్కణ్ణించి తెస్తాం అంటే పిల్లల ఫీజుల కోసం దాచిన ఫిక్సెడ్ డిపాజిట్టు విరగ్గొట్టాలి. ఆ ముందు జాగాలో ఇప్పుడున్న పూల కొట్టూ, చాట్ బండీ కలిసి నెలకి 9,000 కడుతున్నాయి. వాళ్ళని కూడా లేపాలి.

ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, ఆరో పేరా. ఆ పదేళ్ళలో మన ప్రాంగణంలో ఇంకే రకం చార్జింగూ, మనం స్వయంగా కూడా, పెట్టకూడదు. ఇది నాకు అన్నిటికంటే అభ్యంతరం. ఎందుకో చెబుతాను.

దసరా సెలవుల్లో వచ్చినప్పుడు మూడు రోజులు మన కాంప్లెక్సు ముందు అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాను. నాతోపాటు మన వాచ్‌మన్. ఆటో స్టాండులో 41 ఆటోలు, అందులో ఆరు కరెంటువి. షాపుల్లో పనిచేసేవాళ్ళ స్కూటర్లు 50 పైన, కరెంటువి తొమ్మిది. కరెంటు కారు మూడు రోజుల్లో ఒక్కటే కనిపించింది, అది మన డాక్టరు గారిది, ఆయన ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకుంటారు. ఆ ఆరు ఆటోల్లో ఒకటి నడిపే అతను మన బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివాడు. అతనుండేది అద్దె పోర్షను. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేసి రాత్రి ఆటోకి పెడతాడు. వానొస్తే ప్లగ్గు మీద ప్లాస్టిక్ కవరు కడతాడు. ‘ఏం చెయ్యమంటారు సార్, ఇల్లుగలాయన ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు, కరెంటు బిల్లు చూసి’ అన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా గిరాకీ ఉండదు. ఆరు ఆటోలూ మన గోడ పక్కన చెట్టు కింద ఊరికే ఉంటాయి. అతని ఆటో బ్యాటరీ ఏడు యూనిట్ల పైచిలుకు. మామూలు పదిహేను ఆంపియర్ల పాయింటు మీద మూడు నాలుగు గంటల్లో నిండుతుంది.

అంటే మనకి అక్కడ రోజూ మూడు గంటలు కదలకుండా నిలబడే గిరాకీ ఇప్పటికే ఉంది.

నా ప్రతిపాదన చిన్నది. చెట్టు వైపు గోడకి 3.3 కిలోవాట్ల పాయింట్లు నాలుగు. తర్వాత అవసరాన్ని బట్టి ఎనిమిది. ఎనిమిది ఎందుకంటే, 2019లో కేంద్రం నమూనా భవన నిబంధనలు సవరించి, పార్కింగులో 20 శాతానికి చార్జింగ్ ఏర్పాటు ఉండాలంది. మనకి సుమారు 40 బండ్ల జాగా ఉంది, అందులో ఎనిమిది. అన్నీ ఒకేసారి నడుస్తాయనుకుని, దానిమీద 1.25తో గుణించమంది ఆ సవరణ. 26.4ని గుణిస్తే 33 కిలోవాట్లు. పాత కట్టడం కాబట్టి మనల్ని ఎవరూ ఇప్పుడు అడగరు. కానీ రేపు మండపానికి పైన ఇంకో అంతస్తు వేస్తే ప్లాను పాసయ్యేటప్పుడు అడగొచ్చు. 33 కిలోవాట్లకి హెచ్.టి. అక్కర్లేదు. మొదటి నాలుగు పాయింట్లకైతే 13.2 కిలోవాట్లే. వేరే మీటరు తీసుకుందాం. చార్జింగ్ కేంద్రాలకి మన రెండు రాష్ట్రాల్లోనూ విడిగా టారిఫ్ కేటగిరీ ఉంది. మండపం మీటరు మీద కలిపితే ఆ సౌకర్యం పోతుంది, పైగా ముహూర్తం టైముకి నా పాత కథ మళ్ళీ మొదలవుతుంది.

రక్షణ విషయంలో నేను బేరానికి రాను. ప్రతి పాయింటుకీ విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ. నాలుగింటికీ కలిపి ఒకటి పెడితే ఒకడి తడి ప్లగ్గుకి నలుగురి చార్జింగూ ఆగిపోతుంది, రెండోనాడు ఎవడో ఒకడు దాన్ని బైపాస్ చేసేస్తాడు. మన ఎలక్ట్రీషియన్ల సంగతి మనకి తెలియనిది కాదు. సాకెట్టు నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. మన వీధిలో వానకి మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి కాబట్టి నేనైతే మీటరు పైన పెడతాను. పరిశ్రమల్లో వాడే నీలం రంగు సాకెట్లు, మూతున్నవి. ఎక్స్‌టెన్షన్ వైరు నిబంధనల ప్రకారమే నిషిద్ధం, వాచ్‌మన్‌కి అది గట్టిగా చెప్పాలి. ఎర్తింగు కొత్తది వేసి, కొలిచి, ఆ అంకె గోడమీద రాయించాలి. మండపం వంటశాల గోడ వైపు ఒక్క పాయింటూ వద్దు. గ్యాసు సిలిండర్లు అక్కడుంటాయి.

ఒక్కో పాయింటు వైరింగుతో సహా పాతికవేల లోపు అవుతుందని నా అంచనా. నాలుగింటికీ లక్ష. మా 1986 బ్యాచ్ ఆ లక్ష ఇస్తుంది, నిన్న రాత్రే మాట్లాడుకున్నాం. డిపాజిట్టు ముట్టుకోనక్కర్లేదు. దీనివల్ల సంఘానికి పెద్ద ఆదాయం వస్తుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. పాయింట్లు రోజుకి రెండు విడతలు నిండితే కరెంటు బిల్లూ, రిపేర్లూ పోను వాచ్‌మన్ జీతంలో కొంత వస్తుంది. రెండేళ్ళ తర్వాత మన ఊళ్ళో కరెంటు కార్లు నిజంగా పెరిగితే, అప్పుడు ఆ సంస్థనే పిలుద్దాం. అప్పటికి మన దగ్గర రెండేళ్ళ మీటరు లెక్కలుంటాయి. ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు వాళ్ళదనీ, నెలకి కనీస అద్దె ఇవ్వాలనీ, ఆరో పేరా తీసెయ్యాలనీ అడిగే ధైర్యం ఆ లెక్కలిస్తాయి. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. వాళ్ళ లెక్క వాళ్ళు వేసుకున్నారు.

అధ్యక్షుడు నిన్న అన్న ఇంకో మాటకి జవాబు నా దగ్గర సరిగ్గా లేదు. ‘ఇప్పుడు కాదంటే వాళ్ళు ఎదురుగా ఉన్న పాత సినిమా హాలు జాగాకి పోతారు. అప్పుడు మన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?’ అన్నాడు. పోవచ్చు. పోతే ఆ జాగా వాళ్ళు 11 లక్షలు పెట్టుకుంటారు. నేను ఇంతకంటే చెప్పలేను. మధ్యాహ్నం మీరే తేల్చాలి.

ఓటు ఎటు పడినా ఒక పని మాత్రం ఆగకూడదు. స్వర్ణోత్సవం పేరు మీద ముందు జాగా అంతా టైల్స్ పరుస్తున్నాం కదా, మేస్త్రీ సోమవారం వస్తున్నాడు. టైల్స్ వేశాక కేబులు కోసం తవ్వాలంటే మీటరుకి ఇంతని టైల్స్ పగలగొట్టాలి. మీటరు బోర్డు దగ్గర నుంచి చెట్టు గోడ దాకా, ముందు గేటు దాకా, ఖాళీ పైపులు రెండేసి వేసి, లోపల లాగడానికి ఒక తీగ వదిలి, మూతలు పెట్టి పూడ్చేద్దాం. నాలుగు పాయింట్లు పెట్టినా, అరవై కిలోవాట్లు పెట్టినా, అసలేమీ పెట్టకపోయినా ఆ పైపులుంటాయి.

మార్కింగు రేపు ఆదివారం పొద్దున్న ఏడింటికి చేద్దామనుకుంటున్నాను, ఎండెక్కకముందే. సుద్దా, టేపూ నేను తెస్తాను. ఆ ఆటో అతన్ని కూడా రమ్మన్నాను, బండి ఎటు నుంచి పెడితే వైరు అందుతుందో అతనికే బాగా తెలుసు. మాస్టారూ, మీరు రానక్కర్లేదు, మెట్లున్నాయి. వీడియో పంపిస్తాను.